పెళ్లి మొత్తం ఒక్క డిస్కులో

మీ ఇంట్లో పెళ్లి వీడియో ఉండే ఉంటుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా ఎప్పుడైనా చూశారా? నిజం చెప్పండి. మీరు కనిపించే చోటు చూసి ఉంటారు. మీ పట్టుచీర, మీ బావగారి బట్టతల, మీ ఆకులో గారె వెయ్యకుండా ముందుకెళ్లిపోయిన వడ్డనవాడు, అంతవరకు చూసి నవ్వుకుని ఉంటారు. మిగిలినదంతా రిమోటు నొక్కి దాటించేసి ఉంటారు.

పరాయివాళ్ల పెళ్లిళ్లను ఒక్క క్షణం కూడా వదలకుండా చివరిదాకా చూసిన మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆయన పోయారని పోయిన నెలలో తెలిసింది. తెలిసిన తీరు కూడా చిత్రమైనదే.

కొత్తపేట అవతల ఒక బెండతోట గట్టు మీద నిలబడి ఉన్నాను. పిట్టలు వాలకుండా తోటంతా తాళ్లు కట్టి పాత డిస్కులు వేలాడదీశారు. గాలికి గిర్రున తిరుగుతూ ఎండని ముక్కలు చేసి విసురుతున్నాయి. ఒకటి నా మొహం ముందు ఆగింది. దానిమీద నల్లసిరాతో గుండ్రటి అక్షరాలు: "మొత్తం ఇందులోనే." ఆ దస్తూరీ నాకు తెలుసు.

"ఇది ఎవరి పెళ్లండీ?" అని రైతుని అడిగాను.

"మా పెద్దోడిదండి. పెన్ డ్రైవులోకి ఎక్కించేసేం. ప్లేయరు మూలపడింది కదండీ, అందుకని డిస్కుని పిట్టలకి చూపిస్తన్నాం" అని నవ్వాడు. "అవి కూడా ఒకసారి చూసి మళ్లీ రావట్లేదండి."

"ఇది చేసినాయన ఎలా ఉన్నారు?"

"సింగిల్ గారాండీ? పోయేరు కదండీ, మొన్న వానల్లో. మీకు తెలీదా?"

నాకు తెలీదు. ఎన్నో ఏళ్లు వాదించిన మనిషి పోతే కబురు చెప్పేవాళ్లుండరు. బంధువులకు చెబుతారు, స్నేహితులకు చెబుతారు. ప్రత్యర్థికి ఎవరు చెబుతారు?

సింగిల్ గారు అన్నది ఆయన పేరు కాదు. అమలాపురంలో కెమెరాలు పట్టేవాళ్లు వెటకారంగా పెట్టింది. మన ప్రాంతంలో వెటకారానికి కూడా చివర గారు తగిలిస్తాం కాబట్టి అది అలా స్థిరపడిపోయింది. పెళ్లి ఎంత పొడవైనా సరే, స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఒక్క డిస్కులో పట్టించి ఇచ్చేవాడు. రెండో డిస్కు ఇవ్వడు. అడిగితే కోపం. మిగతా దుకాణాలవాళ్లు కూడా ఒక్కదాంట్లో ఇరికించగలరు. కానీ వాళ్లిచ్చినదాంట్లో తలంబ్రాలు పోసేవేళకు బొమ్మంతా గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. పెళ్లికూతురు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియదు. ఈయన డిస్కులో తలంబ్రాల గింజ గింజా విడిగా కనిపించేది.

ఎలా చేస్తాడన్నదే నన్ను మొదట ఆయన దగ్గరికి లాగింది. మా సంస్కరణ సభల రికార్డులు డిస్కు చేయించుకోవడానికని వెళ్లేవాణ్ణి. సైకిల్ షాపు మీద ఇరుకు గది. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ. కంప్యూటరు నుదుటికి కుంకుమ బొట్టు. వాటిని చూడగానే నాకు మాట ఆగేది కాదు. ఆయన నా మాట సాంతం విని, మెడలో తువ్వాలు కొస నలుపుతూ, "ఆయ్, హేతువు గారూ, ఇంతకీ మీ సభ నిడివెంతండీ?" అనేవాడు. అలా నాకూ ఒక పేరు పెట్టాడు.

మా సభలంటే ఆయనకు ఎంతో ఇష్టం. భావాలు నచ్చి కాదు.

"మీ సభల్లో ఎవరూ కదలరండి. అధ్యక్షులవారు కదలరు, జనం కదలరు, వెనకాల బేనరు కదలదు. ఒక రోజంతా ఉపన్యాసాలైనా ఒక్క డిస్కులో దర్జాగా పడుకుంటాయి. మీరొక్కరే చేతులు తెగ ఊపుతారు. డిస్కులో సగం మీ చేతులే తినేస్తన్నాయండి."

అదీ ఆయన విద్యలోని కిటుకు. డిస్కులో పట్టేది ఇంతే అని ఉంటుంది. ఎక్కువసేపు వీడియోని అందులో నింపాలంటే ప్రతి క్షణానికీ వచ్చే వాటా తగ్గిపోతుంది. తొందరపడేవాడు అందరికీ సమానంగా పంచేస్తాడు. కదలకుండా కూర్చున్న పురోహితుడికీ అంతే, ఎగిరిపడే తలంబ్రాలకూ అంతే. పురోహితుడి దగ్గర వృథా అవుతుంది, తలంబ్రాల దగ్గర చాలదు. ఈయన అలా పంచడు. మొదటిసారి కంప్యూటరు చేత వీడియో అంతా ఊరికే చూపిస్తాడు. ఏమీ రాయనివ్వడు. ఎక్కడ కదలిక ఉంది, ఎక్కడ లేదు అన్నది అది లెక్క వేసుకుంటుంది. రెండోసారి అవసరాన్నిబట్టి పంచుతూ రాస్తుంది. ఆ రెండుసార్లూ ఈయన దాని పక్కనే కూర్చుని తెరకి ముక్కు ఆనించినట్టు చూస్తాడు. మధ్యమధ్య, కొబ్బరికాయ కొనేవాడు గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నట్టు, తెర అంచుని కలం మూతతో తట్టి తల పక్కకి వాల్చేవాడు. ఏం వినిపించేదో ఎప్పుడూ చెప్పలేదు.

"ముందు చూడాలండి, తర్వాత రాయాలి" అనేవాడు. నేను సభల్లో గొంతు చించుకుని చెప్పేదీ అదే. పరిశీలించు, తర్వాత తేల్చు. ఆ మాట కుంకుమబొట్టు పెట్టిన కంప్యూటరు పక్కనుంచి వినాల్సి రావడం నాకు మింగుడుపడేది కాదు.

ఆయనకు పెళ్లికూతుళ్ల మీద ఆసక్తి లేదు. పెళ్లికూతురి వెనకాల ఏముందన్నదే చూసేవాడు. చీకట్లో తీసి, చుక్కలు చుక్కలుగా మెదిలే వీడియో తెస్తే కెమెరావాడి మీద మండిపడేవాడు. "నీడల్లో చీమలు పాకుతున్నాయి చూడవయ్యా. ఆ చీమలక్కూడా డిస్కులో చోటు పెట్టాలి. పెళ్లికొడుక్కి పెట్టాల్సింది చీమలకి పెడతన్నాను." ఆయనకు అసలు శత్రువులు మాత్రం కొబ్బరిచెట్లు. మన ప్రాంతంలో ఏ పందిరి వెనకాల చూసినా అవే. ఆకుకి వంద ఈనెలు, ఈనె ఈనె విడివిడిగా ఊగుతుంది. అదంతా కదలికే. తినేస్తుంది. అందుకని పెళ్లికి ముందే వెళ్లి పందిరి చూసి వచ్చేవాడు. వెనకాల గుడ్డ కట్టమనేవాడు. ఒకచోట గుడ్డ కుదరక, వేదిక వెనకున్న పొట్టి చెట్టు మట్టల్ని తాడేసి కట్టించాడు.

ఆ ఇంటి యజమాని విసుక్కున్నాడు. "గాలిని కూడా కట్టెయ్యమంటారేంటండీ?"

"తాడుందాండీ?" అన్నాడీయన, ముఖంలో నవ్వు లేకుండా.

ఇంత పంతం ఎందుకు? రెండు డిస్కులిస్తే ఏం పోయింది? నేను అడిగితే చెప్పిన కారణం ఇది.

"రెండోది ఎవరూ పెట్టరండి. లేచి, మొదటిది తీసి, రెండోది పెట్టడానికి ఎవడికీ ఓపికుండదు. మొదటిదాంట్లో మగపెళ్లివారి మర్యాదలు, బూరెలు, బేండు మేళం. రెండోదాంట్లో అప్పగింతలు. ఆడపిల్ల ఏడుపు ఎప్పుడూ రెండో డిస్కులో పడిపోద్దండి. అది నాకిష్టం లేదు."

ఈ మాట అన్న మనిషే రాహుకాలంలో డిస్కు రాసేవాడు కాదు. రాస్తే చెడిపోతుందట. ఒకసారి పట్టుబట్టి పరీక్ష పెట్టాను. ఒకే వీడియోని రాహుకాలంలో ఒక డిస్కులోకి, ఆయన చెప్పిన మంచి ఘడియలో ఇంకో డిస్కులోకి రాయించాను. రెండూ పక్కపక్కన పెట్టి ఆడించాం. తేడా లేదు.

"ఇప్పుడేమంటారు?" అన్నాను విజయగర్వంతో.

ఆయన రెండు డిస్కుల్నీ వెలుతురులో తిప్పి చూశాడు. "బాగానే ఉన్నాయండి. రాహుకాలానికి కూడా మీరంటే భయమండి, హేతువు గారూ. మీరు లేనప్పుడు చూసుకుంటది."

మర్నాడు కూడా రాహుకాలం దాటేదాకా యంత్రం ముట్టలేదు.

ఇలాంటి మనిషి గురించి నేను ఇంత రాయడానికి కారణం ఒక మధ్యాహ్నం ఆ గదిలో జరిగింది. నేను మా సభ డిస్కు కోసం వేచి ఉన్నాను. కాట్రేనికోన వైపునుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అన్నగారి కూతురికి భార్యతోపాటు పీటల మీద కూర్చుని కన్యాదానం చేసినవాడు. అన్నగారు పోయారు. అన్నగారి భార్య కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. కూతురి పెళ్లికని సెలవు మీద వచ్చింది, ఆ వారమే తిరుగు ప్రయాణం. తనతో తీసుకుపోవడానికి పెళ్లంతా ఒక్క డిస్కులో కావాలని ఆవిడే అడిగింది. అక్కడ వంటగది పక్కన తనకిచ్చిన గదిలో పాత ప్లేయరు ఒకటి ఉందట.

"డిస్కు వదినగారు తీసుకెళ్తారండి. ఇంకో కాపీ వియ్యాలవారికి" అన్నాడు పెద్దమనిషి. తర్వాత గొంతు తగ్గించాడు. "ముహూర్తం వేళ స్తంభం పక్కన మా వదిన బొమ్మలో పడిందండి. మొగుడు పోయిన మనిషి. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి వెనకాల ఆవిడ నిలబడి ఉంటే వియ్యాలవారు ఏమనుకుంటారు? కాస్త తీసెయ్యండి. ఎలాగూ నిడివి ఎక్కువైందన్నారు కదా, కలిసొస్తది."

నా ఒళ్లు మండింది. లేవబోతుంటే ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. "మీరు ఉండండి. ఇది నా సబ్జెక్టు."

తెర అటువైపు తిప్పాడు. "తీసెయ్యాలంటే రెండు దార్లండి. ఆ ముక్క కోసెయ్యొచ్చు. కోస్తే జీలకర్ర బెల్లం కూడా పోద్ది. పరవాలేదా?"

"అయ్యబాబోయ్, అదెలాగండీ!"

"అయితే రెండోది. బొమ్మని పెద్దది చేసి ఆవిడున్న పక్కని బయటికి తోసెయ్యాలి. పెద్దది చేస్తే బొమ్మ అలికేసినట్టవుద్ది. మీరే చూడండి."

మెల్లగా పెద్దది చేయసాగాడు. స్తంభం పక్కనున్న బూడిదరంగు చీర తెర అంచువైపు జరిగింది. అదే వేగంతో పెళ్లికూతురి కనురెప్పలు కలిసిపోయాయి, బాసికం ముత్యాలు ముద్దైపోయాయి, ముక్కుపుడక మాయమైంది.

"ఇంకా తొయ్యమంటారాండీ?" అని మర్యాదగా అడిగాడు.

పెద్దమనిషి ఇబ్బందిగా కదిలాడు. "పోనీ, ఆ మూల పూలు రాల్చండి. ఈ మధ్య అందరూ రాలుస్తన్నారు."

"పూలు కదులుతాయండి. కదిలేదానికి చోటు పెట్టాలి. అప్పగింతల్లోంచి తియ్యాలి. ఆవిడైతే కదలకుండా నిలబడింది. ఆవిడకి పట్టే చోటు ఇంత లేదండి" అని గోటి చివర చూపించాడు.

"రెండు డిస్కులు చేసెయ్యండయితే."

"చెయ్యనండి."

"ఊళ్లో మీరొక్కరేనాండీ డిస్కులు చేసేది? సాయంత్రానికి తీసి ఉంచండి. కాదంటే మా కెమెరా కార్డులు పట్టుకుపోతాను" అని చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

అతను వెళ్లిన కాసేపటికి ఆవిడే వచ్చింది. బూడిదరంగు చీర కాదు, ముదురు నీలం. చేతిలో ప్రయాణానికి కొన్న సామాను సంచి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మరిదిగారు చెప్పేరండి. నేను పడ్డానంట కదా. తీసెయ్యండి బాబుగారూ. నాకు పిల్ల కనపడితే చాలు. నా మూలంగా డిస్కు ఆగిపోతే ఎలాగండి. మళ్లీ ఎప్పుడొస్తానో."

ఇక నేను ఆగలేకపోయాను. వితంతువుని అశుభమనడం ఎంత అన్యాయమో, అది ఎవరు కల్పించారో, ఎందుకు కల్పించారో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వినయంగా విన్నది. అంతా అయ్యాక, "ఆయ్, నిజవేనండి" అని, మళ్లీ ఆయనవైపు తిరిగి, "తీసెయ్యండి" అంది.

"ముందు చూడండమ్మా. చూసేక చెప్పండి. చూడకుండా నేను కూడా ఏదీ తియ్యను."

ఆడించాడు. మేళం హోరెత్తింది. అడ్డుతెర దిగింది. వేదిక చుట్టూ చేతులన్నీ ఒక్కసారి లేచాయి. అక్షింతలు వానలా పడ్డాయి. స్తంభం పక్కన ఆవిడ అలాగే నిటారుగా నిలబడి ఉంది. అందరి చేతులూ దిగిపోయాక ఆవిడ కుడిచెయ్యి కొంచెం లేచింది. గుప్పెడు గింజలు. పైకి లేచి, ముందున్నవాళ్ల వీపుల వెనక రాలిపోయాయి. ఆయన ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపించాడు. పసుపురంగు గింజలు, విడివిడిగా. ఇంకో దుకాణంలో అయితే అక్కడ నాలుగు గళ్లు ఉండేవి, అంతే.

ఆవిడ సంచి కింద పెట్టింది.

"నేనేనండి" అంది. "వేసేను. ఎవరూ చూళ్లేదనుకున్నాను."

తెరవైపు ఒక అడుగు వేసింది.

"అందేయాండీ?"

నేనైతే అందాయనే చెప్పి ఉండేవాణ్ణి. సత్యం కోసం జీవితమంతా వాదించినవాణ్ణి, ఆ క్షణంలో అబద్ధం నాలుక చివరకొచ్చింది. ఆయన ఇంకోసారి ఆడించి, కలం మూతతో గింజలు పడినచోట తెరని తట్టి చూపించాడు.

"అందలేదమ్మా. మధ్యలో పడిపోయేయి."

ఆవిడ వంగి ఆ చోటు చూసింది. తర్వాత చీర చెంగు నడుముకి దోపుకుని, వంటింట్లో పనికి దిగే మనిషిలా అంది:

"అందకపోతే పోయేయి. వేసేనని పిల్లకి తెలియాలి కదండీ. ఉంచండి. వియ్యాలవారి కాపీలో కూడా ఉంచండి. మరిదిగారితో నేను చెప్పుకుంటాను. పెళ్లి చేసింది నేను."

ఉంచాడు. సాయంత్రం మరిదిగారు వచ్చి, డబ్బులిచ్చి డిస్కులు పట్టుకుపోయాడు. ఇంట్లో వదినగారు ఏం చెప్పుకుందో నాకు తెలీదు. వినాలని మాత్రం చాలా ఉండేది.

తర్వాత అడిగాను. "మీరు నమ్మకాలున్నవారు కదా. ముహూర్తం వేళ వితంతువు కనిపిస్తే అశుభం అనిపించలేదా మీకు?"

"అనిపించిందండి."

"మరి?"

"ఉంది కదండీ అక్కడ! ఉన్న మనిషి కనపడకపోతే బొమ్మ చెడినట్టే కదా. గళ్లు పడితే చెడినట్టు ఎలాగో ఇదీ అంతే."

ఈ జవాబుతో నేను ఏళ్ల తరబడి తిప్పలు పడ్డాను. మా సభల్లో వితంతు వివాహాల ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టినవాళ్లు ఇంటికెళ్లి మేనత్తని పెరట్లో కూర్చోబెట్టడం చూశాను. వాళ్ల నమ్మకం మారింది, చెయ్యి మారలేదు. ఈయన నమ్మకం ఇంచు కదల్లేదు, చెయ్యి మాత్రం సరిగ్గా పనిచేసింది. ఏది మేలు? ఆయన్ని మెచ్చుకోవాలా, కోప్పడాలా? చాలాకాలం మెచ్చుకునే వైపే ఉన్నాను.

ఆయన కూతురి పెళ్లికి పిలిచాడు. వెళ్లాను. ఆ పిల్లని పెంచింది ఆయన అక్కగారు. చిన్నతనంలోనే భర్త పోతే తమ్ముడింట్లో ఉండిపోయిన మనిషి. జడ వేయడం, బడికి పంపడం, జ్వరానికి కషాయం కాయడం అన్నీ ఆవిడే చేసింది. ముహూర్తం వేళకి వేదిక చుట్టూ వెతికాను. లేదు. వంటింటి గుమ్మం వెనక తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది.

నేరుగా ఆయన దగ్గరికెళ్లాను. పట్టుపంచె కట్టుకుని, చెమటలు కక్కుతూ, అప్పుడు కూడా వేదిక వెనక గుడ్డ కదులుతోందేమోనని చూస్తున్నాడు.

"అక్కగారేరీ?"

అర్థమైంది ఆయనకు. "వీడియోలో ఉంటుందండి. అక్కని వదలొద్దని కెమెరా అబ్బాయికి గట్టిగా చెప్పేను."

"వీడియోలో ఉంటే చాలా? ఆ పిల్లని పెంచింది ఎవరు?"

మెడలో తువ్వాలు లేదు. నలపడానికి ఉత్తరీయం కొస వెతుక్కున్నాడు. "డిస్కయితే నా చేతిలో ఉందండి. పీట మావాళ్లందరి చేతిలో ఉంది. నాకంత బలం లేదండి, హేతువు గారూ. ఈ పూటకి నన్నొదిలెయ్యండి."

వదిలేశాను. కోపంగానే భోజనం చేశాను. తర్వాత ఆయన నాకా పెళ్లి డిస్కు చూపించాడు. తలుపు రెక్క వెనక అక్కగారి మొహం ఎంత స్పష్టంగా ఉందంటే, ఆవిడ పెదవులు మంత్రాలతోపాటు కదలడం కూడా తెలుస్తోంది. అంత బాగా చేసిన డిస్కు ఆయన చేతినుంచి ఇంకొకటి రాలేదేమో.  ఈసారి ఆయన తెరని కలం మూతతో తట్టలేదు.

ఆయన కళ్లు చూడాల్సినదంతా చూశాయి. ఎవర్ని ఎక్కడ నిలబెట్టామో ఒక్క మనిషిని కూడా వదలకుండా చూపించాయి. అక్కడితో ఆయన పని అయిపోయింది. చూసిన మనకి మాత్రం పని అక్కడే మొదలవుతుంది. కన్యాదానం అనే మాటతోనే నాకు పేచీ ఉంది. అది ఇక్కడ పక్కన పెడుతున్నాను. ఆ తంతు మీరెలాగూ జరుపుతారు కాబట్టి, జరిపే మీతోనే మాట్లాడుతున్నాను.

మీ ఇంట్లో పెళ్లి కుదిరిందా? ఆ పిల్లని పెంచిన తల్లో, మేనత్తో, అమ్మమ్మో భర్త లేని మనిషా? శుభలేఖ అచ్చుకి ఇవ్వకముందే పురోహితుడికీ వియ్యాలవారికీ చెప్పేయండి, పీట మీద ఆవిడే కూర్చుంటుందని. శాస్త్రం ఒప్పుకోదంటే ఏ శాస్త్రమో, ఎక్కడుందో చదివి అర్థం చెప్పమనండి. లేచిపోతామన్న చుట్టాలని భోజనం పెట్టి సాగనంపండి. ఆవిడే వద్దంటే, ఎవరికి భయపడి వద్దంటోందో అడగండి, ఆ భయపెట్టేవాళ్ల ఎదురుగా నిలబడండి. స్తంభం పక్కనుంచి, తలుపు రెక్క వెనకనుంచి ఆవిణ్ణి పిలిచి ముందుకి తీసుకురండి. ఆవిడ గుప్పిట్లోని అక్షింతలు పిల్ల తలమీద పడేంత దగ్గరగా కూర్చోబెట్టండి.